బౌరో అడిగి తీసుకున్న ఎర్ర రంగు

బైరికి దీవి, సోమవారం

మామయ్యా, మీకందరికీ మౌరీ.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. సముద్రం పొంగితే బేసియోలో ఏ ఇళ్లు ముందు మునుగుతాయో మా సర్కారు ఆఫీసులో మ్యాపు గీశాం. మీ సందు నేనే కొలిచాను. మీ ఇంటి స్తంభానికి ఎర్ర రంగు పూసింది అందుకే. శుక్రవారం రాత్రి పెద్ద పోటు. పడమటి గాలి కూడా తోడవుతుంది. చీకటిపడేలోగా మీరంతా చర్చి మేడ మీదికి చేరండి. ఆ ఇరుకు సందులో నీళ్లొచ్చాక పరుగెత్తలేరు.

మీ మేనకోడలు,
రూటా

తా.క. పందుల్ని కూడా తెస్తానని అత్తయ్య అంటే, ముందు ఫాదరుగారిని అడగమనండి.

బేసియో, మంగళవారం

రూటమ్మా,

నీ ఉత్తరం అందింది. కంగారుపడకు, ఆ రంగు ఇప్పుడు మా ఇంటికి లేదు. పక్కింటి బౌరో వచ్చి, "ఏం బావా, సొంత మేనమామ ఇంటికే పూసిందా నీ కోడలు? సర్కారు గుర్తు ఉన్నవాళ్లకి బియ్యం ఇస్తారులే! ఆ గుర్తు నాకియ్యి" అని బుబుసి అడిగాడు. అయినవాడు నోరు తెరిచి మన ఆచారం ప్రకారం బుబుసి అడిగాక కాదంటే నలుగురూ ముఖాన ఉమ్మరూ? గీకేశాను. అతను పూసుకున్నాడు. గుర్తుతోపాటు ముంపూ అతనిదే కదా. మేం హాయిగా ఇంట్లోనే ఉంటాం.

నీ మామయ్య,
తెవెయా

తా.క. బౌరోని వాళ్ల బావమరిది అడిగాడట. ప్రస్తుతం నీ గుర్తు రేవు దగ్గరుంది.

బైరికి, బుధవారం

మామయ్యా,

నీళ్లు రంగు చూసి రావు, పల్లం చూసి వస్తాయి. నన్ను బడికి పంపింది మీరు. ఆ చదువుతో మిమ్మల్నే ఒప్పించలేకపోతే అది ఎందుకు? లెక్కలు చెప్పను. నేనూ బుబుసి అడుగుతున్నాను: శుక్రవారం రాత్రికి మీ ఇల్లు నాకియ్యండి. ఖాళీగా. ఒక్క మనిషి కూడా లోపల ఉండకూడదు.

రూటా

తా.క. పంది కూడా.

చర్చి మేడ, శనివారం

రూటమ్మా,

అడిగావు, ఇచ్చాను. ఒక్క ఇల్లిచ్చి ఊరుకుంటే నేనేం మేనమామని? నీకోసం బౌరో ఇల్లు బుబుసి అడిగాను. "నీ కోడలికి ఇళ్ల పిచ్చి పట్టిందా?" అని గొణిగి ఇచ్చాడు. అలా సందు చివరిదాకా అడిగాను. నిన్ను తిట్టుకుంటూ అందరూ మేడెక్కారు.

రాత్రి నీళ్లు వచ్చాయి. నువ్వు గీసినంత మేరా వచ్చాయి. చీకట్లో కర్రలు విరుగుతున్న చప్పుడు విన్నాం. బౌరో తన పిల్లల తలలు తడిమి చూసుకున్నాడు, మళ్లీ తడిమి చూసుకున్నాడు. అందరూ ఉన్నారు.

తెల్లారి చూస్తే మన సందు లేదు. బౌరో నావైపు తిరిగి, "బావా, కొట్టుకుపోయినవి రూటా ఇళ్లే కదా. ఆవిడ మళ్లీ కట్టించేదాకా మేమెక్కడ ఉండాలి?" అన్నాడు. అందరూ కలిసి నీ ఆఫీసు గది బుబుసి అడిగారు. నీ తరఫున ఇచ్చేశాను.

నీ మామయ్య,
తెవెయా

తా.క. ఈ ఉత్తరం తెచ్చింది బస్సు డ్రైవరు కాదు, బౌరో. మిగతావాళ్లం నీ ఆఫీసు మెట్ల మీద ఉన్నాం. తలుపు తియ్యి, పందులు ఆగడం లేదు.