పోతూ పోతూ పిలిచిన పిలుపు

ఆదోని

శేఖర్ బాబుకు,

మా ఇంట్లో మీరు ఫోన్లతో తీసిన దయ్యం సినిమా ఎమ్మిగనూరులో చూశాను. మొహానికి పిండి పూసుకున్న దయ్యాన్ని చూసి జనం నవ్వారు, సగంలోనే లేచిపోయారు. నేను కదల్లేకపోయాను.

హీరోయిన్ "ఎవరక్కడ?" అంటే, వంటింట్లోంచి "నేనేమ్మా, ఈడే ఉండాను" అన్న గొంతు మీవాళ్ళది కాదు. చనిపోయిన నా భార్య లక్ష్మీదేవిది. ఆమె పోయాక కూడా ఆ గొంతు నేను రోజూ వినేవాణ్ణి. మీరు వెళ్ళినప్పటి నుంచి వినిపించడం లేదు.

ఆ రోజు మీ హీరోయిన్ భవ్యశ్రీ గడప దాటుతూ, ఖాళీ వంటింటి వైపు తిరిగి తమాషాకి "ఆంటీ, మా ఇంటికి రండి" అంది. లక్ష్మీదేవి పిలవని ఇంటికి పోయేది కాదు. పిలిస్తే మానేదీ కాదు.

ఆ అమ్మాయి ఒంటరిగా ఉంటుందా? వంటింట్లో అలికిడైతే "ఎవరు?" అని అడగొద్దని చెప్పండి. "మీ ఆయప్ప ఎదురుసూస్తాండాడు, ఇంటికి పోమ్మా" అనమనండి.