సుజాత కొన్న నీటి వాచీ

అన్నయ్యా,

రోలుగుంటలో మోటారు బాగుచేయడానికి నూతిలో దిగినవాడివి మరి పైకి రాలేదు. నేటికి పన్నెండేళ్లు. నీ కూతురు సుజాతను నేనే పెంచాను, నీళ్ల దగ్గరికి పోనివ్వకుండా. ఇప్పుడది ఇక్కడ చోడవరంలోనే బ్యాంకులో పనిచేస్తోంది.

మొన్న కొత్త వాచీ కొనుక్కుంది. చిన్నదే, చూడ్డానికి పాతకాలం వాచీలా ఉంది. అద్దం చుట్టూ తిప్పుకునే చక్రం ఒకటుంది. రోజూ ఆఫీసుకు అదే పెట్టుకెళ్తోంది.

"ఆ సక్రం ఏటే?" అని అడిగాను.

"నీళ్లలో ఎంతసేపున్నామో సూసుకోడానికత్తా. ఈత నేర్సుకుంతన్నాను."

"మీ నాన్న సంగతి మరిసిపోయేవేటే?"

"మరిసిపోలేదు. ఆ రోజు గట్టు మీద అంతమందున్నారు, ఈతొచ్చినోళ్లు ఒక్కళ్లూ లేరు కదత్తా."

నేనూ ఆ గట్టు మీదే ఉన్నాను.

ఈ ఉదయం దానితో అనకాపల్లిలో ఈతకొలనుకు వెళ్లాను. అది మునిగిన ప్రతిసారీ నా ఊపిరి ఆగిపోయింది. నాలుగోసారి తేలి, వాచీ చూసుకుని, "ముప్పై సెకన్లత్తా!" అని అరిచింది. నవ్వితే అచ్చం నువ్వే.

వచ్చేటప్పుడు అక్కడ నా పేరు కూడా రాయించాను.

నీ చెల్లి