కేడీని ఖాళీ చేయించుట గురించి

సంగారెడ్డి
3-7-2006

బీరంగూడ కంప్యూటర్ దుకాణం కౌసల్యమ్మకు, మడిగె యజమాని రంగయ్య రాయునది ఏమనగా,

నేను మంచిగున్న. నువ్వు మంచిగున్నవో లేవో గాని, జెర ఎక్కువనే ఉన్నవ్. మొన్న పట్నం పోతుంటే బస్సులకెల్లి నీ బోర్డు సూసిన. 'ఇక్కడ మూడు డెస్క్‌టాప్‌లు కలవు' అని రాసినవ్. మన కిరాయి కాగితంల ఒక్క కంప్యూటర్ అని ఉన్నది. మూడు పెడితే వైర్లు కాలి నా మడిగె బుగ్గి అయితది. జల్దీ రెండు తీసెయ్యి. లేకుంటే మడిగె ఖాళీ చెయ్యి.

ఇట్లు,
రంగయ్య, కిరాణ మర్చంట్

తా.క.: ఫోన్ చెయ్యకు. నాకు ఇనబడది. ఇనబడ్డట్టు ఊకొట్టుడు నాతోని కాదు.


బీరంగూడ
8-7-2006

రంగయ్య సేటుగారికి కౌసల్య నమస్కారాలు.

దేవుడి తోడు, మడిగెలో ఉన్నది ఒక్క కంప్యూటరే. అందులో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. నేను రాసిన డెస్క్‌టాప్ అంటే పెట్టె కాదండీ. తెర మీద కనబడే బొమ్మలు, మెనూలు, వాటి అమరిక. లినక్స్‌లో అలాంటివి ఎన్నయినా పెట్టుకోవచ్చు. పేరు కొట్టి లోపలికి వెళ్లేటప్పుడు ఏది కావాలంటే అది తెరుచుకుంటుంది. నా దగ్గర మూడున్నాయి: కేడీఈ, నోమ్, ఐస్. వీటిని ఎన్విరాన్‌మెంట్లు అంటారు. ఫ్యాక్టరీలో చేసే మొగులయ్యకు కేడీఈ అలవాటు. మహిళా సంఘం ఇందిరమ్మగారికి తెలుగు మెనూలు కావాలి, అందుకని నోమ్. నాకు ఐస్ చాలు. ఒకరి కోసం ఇంకొకరిది ఎందుకు తీసెయ్యాలి? తియ్యను.

ఇట్లు,
మీ కిరాయిదారు కౌసల్య

తా.క.: కరెంటు మూడింతలు కాలదు. తెర మీదికి ఒకసారి ఒక్కటే వస్తుంది.


సంగారెడ్డి
14-7-2006

కౌసల్యమ్మకు రంగయ్య రాయునది,

నీ ఉత్తరం మూడుసార్లు సదివిన. ఎంత ధైర్యమమ్మా నీకు! నా మడిగెల కేడీని పెట్టినవా? పోలీస్ స్టేషన్ల ఫోటో అంటిస్తరే, గసొంటి కేడీనా? పైనకెల్లి 'మొగులయ్యకు అలవాటు' అని రాస్తవా! నోము అంటవ్, ఆడ పీటలు, దీపాలు. ఐస్ అంటవ్, ఆడ నీళ్లు కారుడు. ఇగ ఎన్విరాన్‌మెంట్ ఏందని గడ్డపోతారంల మందుల కంపెనీల చేసే లింగంను అడిగిన. "సేటూ, మా కంపెనీకి ఒక్క ఎన్విరాన్‌మెంట్ ఉంటేనే పొల్యూషన్ ఆఫీసర్లొచ్చి సీసాలల్ల నీళ్లు పట్కపోతరు" అన్నడు. నీకు మూడు! నా మడిగె ఏం వాసనొస్తున్నదో ఏమో.

పరేషాన్‌ల ఉన్న
రంగయ్య

తా.క.: ఆ కేడీ నా తాళంచెవి గిట్ల తీస్కున్నడా?


బీరంగూడ
19-7-2006

సేటుగారికి నమస్కారం.

కేడీ కాదు మహాప్రభో, కేడీఈ! మనిషి కాదు. అన్నం తినడు, తాళాలు పగలగొట్టడు. చూశారా, మీ దెబ్బకు నేను కూడా 'తినడు' అనేస్తున్నాను. నోమ్‌కు పీట అక్కర్లేదు. ఐస్ కరగదు. వాసన మీ పక్క మడిగెలోని ఎండుచేపలది.

మీ ఉత్తరం మొగులయ్యకు చదివి వినిపిస్తే, "సేటు ఒక్కసారొచ్చి సూడొచ్చు గదక్కా, గీ ఒక్క పెట్టెకు గింత లొల్లి ఏంది?" అన్నాడు.

ఈ మడిగె పోతే నేను మళ్లీ మందుల కంపెనీలో గోళీలు ప్యాకింగ్ చెయ్యాలి. నాలుగేళ్లు చేశాను, చాలు. చచ్చినా పోను. మూడూ ఉంటాయి, నేనూ ఉంటాను. మీరేం చేసుకుంటారో చేసుకోండి.

ఇట్లు,
కౌసల్య

తా.క.: వచ్చే నెల నాలుగోది కూడా పెడుతున్నాను.


సంగారెడ్డి
27-7-2006

కౌసల్యకు రంగయ్య రాయునది,

నాలుగోదా! మాటకు మాటనా! మీ బీరంగూడలనే ఉండే వకీలు కామరాజుకు అంతా చెప్పిన. నోటీసు వస్తది. నువ్వు, కేడీ ఇద్దరు పదిహేను రోజులల్ల ఖాళీ చెయ్యాలె. అన్నం తినడని రాసినవ్. తిండి లేని కేడీ ఇంకా డేంజర్.

ఇగ కోర్టులనే కలుద్దాం.
రంగయ్య

తా.క.: శ్రావణమాసంల నోము జోలికి పోవద్దని మా ఇంటామె ప్రభావతి ఒకటే గోల. గందుకే నోము ఒక్కటి ఉండనీ.


బీరంగూడ
12-8-2006

రంగయ్య సేటుగారికి నమస్కారం.

నోటీసు అందింది. అందడమేమిటి, టైపు కొట్టింది నేనే! ఈ చుట్టుపక్కల తెలుగు టైపు చేసేది నేనొక్కదాన్నేనని వకీలు గుమాస్తా ఓదెలు నా దగ్గరికే తెచ్చాడు. 'ఒకటో ప్రతివాది కౌసల్య, రెండో ప్రతివాది కేడీ, తండ్రి పేరు తెలియదు' అని ఉంది. ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాను, అదీ కేడీఈలోనే.

సంతకానికి వచ్చిన కామరాజుగారు రెండో ప్రతివాదిని చూపించమన్నారు. తెర చూపించాను. నవ్వలేక కుర్చీలోంచి పడబోయారు. "ఒక్కటే కంప్యూటర్ గదమ్మా! నువ్వు కాగితం తప్పింది ఏడ? సేటుకు నేన్జెప్త" అంటూ సంతకం పెట్టకుండానే లేచారు. ఆయన చెప్పినా మీరు వింటారని నాకు నమ్మకం లేదు. వినకపోయినా సరే, నేను కదలను.

మడిగెలోనే ఉన్న
కౌసల్య

తా.క.: నిన్న ప్రభావతమ్మగారు పసుపు, కుంకుమ, తమలపాకులతో బస్సు దిగి "నోము ఏడ?" అన్నారు. చూపించాను. తెలుగు మెనూలు చూసి కూర్చున్నవారు మూడు బస్సులు వదిలేశారు. మడిగె రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే ఉందట! మీరెప్పుడూ చెప్పలేదేం? 'డెస్క్‌టాప్‌లు ఎన్నయినా పెట్టుకోవచ్చు' అని ఆమె కొత్త కిరాయి కాగితం నాతో ఇక్కడే కొట్టించారు. యజమాని పేరు మాత్రం ఒక్కో అక్షరం వెతికి తానే కొట్టుకున్నారు. జత చేస్తున్నాను. సాక్షి సంతకం మీరు పెట్టాలట.