టీవీలో అన్నయ్య వీడియోలు

వదినా,

డ్యూటీకి వెళ్తున్నాను, నిన్ను లేపలేదు. అన్నయ్య పోయాక ఎవరూ ముట్టని ఆ కంప్యూటర్ని టీవీకి కలిపాను. వైరేమీ లేదు, వైఫై మీదే నడుస్తుంది. టీవీ కింద ఉన్న నల్ల డబ్బా ఆన్ చేసి 'నెట్‌వర్క్' నొక్కితే 'ఇంటి వీడియోలు' అనే ఫోల్డర్ కనిపిస్తుంది. పాస్‌వర్డ్ అడగదు. కంప్యూటర్ మాత్రం ఆపకు, అది ఆగితే టీవీలో ఏమీ రాదు.

"అన్నీ తుడిచి పారెయ్, నేను చూడలేను" అన్నావు మొన్న. తుడవలేదు. టీవీలోంచి చూడ్డానికే తప్ప తీసెయ్యడానికి వీల్లేకుండా పెట్టాను. నీకు కోపమొస్తే రానీ. నాకైతే కోపమూ ఏడుపూ ఏదీ రావడం లేదు, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నిజంగానే వద్దనుకుంటే చెప్పు, ఇద్దరం కూర్చుని తీసేద్దాం.

వంట చేసి పెట్టాను, తిను.

అన్నట్టు, సౌండు బాగా తగ్గించేశాను, నువ్వే పెంచుకో. పొద్దున, వస్తోందో లేదో చూద్దామని ఒకటి పెట్టాను. గోడ మీది పిల్లిని వీడియో తీస్తూ అన్నయ్య "ఏమోయ్, త్వరగా రా, దూకేస్తోంది" అని కేకేశాడు. పక్క గదిలోంచి నువ్వు నిద్రలోనే "ఆఁ, వస్తున్నా" అన్నావు.