కుడితి గోళెం చప్పుడు

నారాయణఖేడ్

అజ్జీ, నేను బాగున్నాను. ఫోన్‌లో నీకు వినపడదని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

చెట్లూ నీళ్లే కాదు, జనం వదిలేసిన ఊళ్లు కూడా మా పర్యావరణ డిగ్రీలో పాఠమే. మొన్న మనూర్ దగ్గర నువ్వు వదిలి వచ్చిన పల్లెకు తీసుకెళ్లారు. అందరూ హైదరాబాద్ పోయారు, ఒక్క ఇంట్లోనూ మనిషి లేడు. ఏ పిట్టలు మిగిలాయో తెలుసుకోవడానికి పొద్దుగూకే దాకా మైకు పెట్టి రికార్డు చేశాం.

క్లాసులో వింటుంటే పిట్టల కూతల నడుమ గాజుల చేత్తో బర్రె కుడితి తాగే మట్టి గోళెం అంచు మీద కొట్టిన చప్పుడు వచ్చింది. నువ్వు బర్రెను పిలిచినట్టే, ఆగి ఆగి. వడ్రంగిపిట్ట అన్నారు జంతుశాస్త్రం సారు. గాలికి రేకు కొట్టుకుంటోంది అన్నారు భూగోళం మేడమ్. అంతలో బర్రె మెడగంట దగ్గరికి వస్తూ వినిపించింది. "ఆడ గోళెం ఏడున్నది? పగిలిన పెంకులే ఉండె గదా," అన్నాడు నా పక్కన కూర్చున్న జావేద్.

సజ్జరొట్టెలు, పల్లీల పొడి పంపు. మోకాలికి మందు రాస్తున్నావా? అమ్మకు దండాలు.

నిన్న నాన్న ఫోన్‌లో, "బర్రెను అమ్మినా మీ అజ్జి పొద్దుగూకంగనే ఈడి గోళెం కాడ కూసొని కొడ్తనే ఉంటది," అన్నాడు. ఇక కొట్టకు అజ్జీ. అక్కడ, ఆ ఖాళీ పల్లె రికార్డులో, ఆ గంట గోళెం దాకా వచ్చి, చాలాసేపు నిలబడి, ఒక్కటే వెనక్కి పోయింది.

నీ మనవరాలు
సుప్రీత