మౌనమ్మగారి మీద విచారణ

ఎనిమిదో తారీకు

అక్కయ్యకు, తమ్ముడు నమస్కారాలతో రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. ఈసారి రాయను. నీ మరదలు చెయ్యి దాటిపోతోంది.

మూడు నెలలుగా ప్రతి గురువారం బస్సెక్కి ఎక్కడికో వెళ్ళి సాయంత్రానికి వస్తోంది. ఎక్కడికని నిలదీస్తే, "ఒకావిడ దగ్గరికి. ఆవిడ మాట్లాడదు" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ నాకు అర్థమైపోయింది కాబట్టి అక్కడితో ఆపాను. మౌనగురువన్నమాట! టిక్కెట్టు చూస్తే మీ ఊరిది. మా నిజనిర్ధారణ సంఘంలో ఆరా తీస్తే మీ వీధే అని తేలింది. అందరూ మౌనమ్మ అంటారట.

రెండేళ్ళుగా నీ మరదలికి గొంతు పోయి గుసగుసగా తప్ప మాట వచ్చేది కాదు కదా. లోపలేమీ లోపం లేదని ముగ్గురు డాక్టర్లు చేతులెత్తేశారు. ఇప్పుడు వంటింట్లో పాడుతోంది అక్కయ్యా, ఎదురింటికి వినపడేలా! కారణం లేకుండా కార్యం ఉండదు. ఇక్కడ కారణం మోసం.

నిన్న బీరువా మీద సూట్‌కేసు దించి దులిపింది. "ఒకటో తారీకు నుంచి అక్కడే ఉంటాను. అడిగితే ఆవిడ ఊఁ అంది" అంది. పంతొమ్మిదేళ్ళ కాపురం! ఊరందరి చూపుకీ కళ్ళద్దాలు ఇచ్చేవాణ్ణి, నా ఇంట్లో జరుగుతున్నది నాకే కనపడలేదు.

నువ్వు గూఢచారిగా వెళ్ళి ఆవిడ గుట్టు కనిపెట్టాలి. నాకెందుకొచ్చిన గొడవ అంటావని తెలుసు. అనకు.

ఇట్లు,
నీ తమ్ముడు,
సంఘం కార్యదర్శి

తా.క. ఆవిడ కళ్ళలోకి చూడకు. చూడాల్సివస్తే నల్లద్దాలు పంపుతాను.

* * *

పదకొండో తారీకు

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి మిషను ఆపేసి కూలబడ్డాను. మా వీధిలో గురువా! ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ కొట్టు పెట్టుకుని బట్టలు కుడుతున్నాను. ఎదురుగా రొట్టెల కొట్టు, పక్కన సైకిళ్ళు బాగుచేసేవాడు, మధ్యలో నేను. గురువనే మనిషి ఇంతవరకూ నా కంటపడలేదు.

అయినా నువ్వడిగాక కాదంటానా? విచారిస్తాను. కానీ ఒక షరతు. నువ్వు తీర్పు ముందే రాసిపెట్టుకుని, దానికి సరిపడా సాక్ష్యం తెమ్మంటున్నావు. గుడ్డ కత్తిరించేశాక కొలతలు అడిగే రకం పని నేను చెయ్యను. ఆవిడ దేవతా, దొంగా, మరొకటా అన్నది చూశాక చెబుతాను. అంతవరకూ నీ బుర్రకున్న తలుపు కాస్త వారగా తీసి ఉంచు.

ఇంతకీ నువ్వు ఆపేసిన చోట, మరదలు ఏం చెప్పబోయింది?

ఆశీస్సులతో,
అక్క

తా.క. పాడుతోందని రాశావు. బాగా పాడుతోందా లేదా రాయలేదు.

* * *

పదిహేనో తారీకు

అక్కయ్యకు నమస్కారాలు.

ఏం చెప్పబోయిందో నాకు తెలుసని రాశాను కదా. ఇక అడగడం దేనికి?

ఇదిగో సాక్ష్యం. మా సభ్యుడొకడి అత్తగారు స్వయంగా వెళ్ళొచ్చారు. మౌనమ్మ మనిషిని రెండు చేతులూ చాచి నిలబెడుతుంది. నోరు విప్పదు. చుట్టూ తిరుగుతుంది. పసుపుపచ్చని పట్టీ ఒకటి మెడకీ, నడుముకీ చుట్టి వదిలేస్తుంది. ఒక్కొక్కరికీ ఏవో అంకెలు పుస్తకంలో రాస్తుంది. సంఖ్యాశాస్త్రం! ఒంటిమీది బట్టల మీద సుద్దతో గుర్తులు కూడా పెడుతుందట, అది ఏ తంత్రమో మా గ్రంథాలయంలో దొరకలేదు. ఈలోగా భక్తులు తమ కష్టాలన్నీ వెళ్ళబోసుకుంటారు. తేలికపడి బయటికొస్తారు. మళ్ళీ పదిహేను రోజులకి రమ్మని సైగ చేస్తుంది. రుచి మరిగించడం అంటే ఇదే.

విచిత్రం ఏమిటంటే మా అధ్యక్షుడు కదలడం లేదు. "మనకెందుకులే ఆ సంగతి" అని నీళ్ళు నములుతున్నాడు. ఆయన లేకపోతే ఏం, ఇరవై ఎనిమిదో తారీకున ఏడుగురం బ్యానరు పట్టుకుని దిగుతున్నాం.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. బాగానే పాడుతోంది. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

* * *

పద్ధెనిమిదో తారీకు

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

దొరికింది. నా కొట్లో నిలువుటద్దం ఉంది చూడు, అందులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గమనించాను. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. మోకాళ్ళ నొప్పులు. జుట్టుకి రంగు వేసుకుంటుంది గానీ వెనకవైపు అందదు. ముఖంలో వెలుగూ గిలుగూ ఏమీ లేదు, చెమట ఉంది.

మాట్లాడదన్నది మాత్రం నిజం. నిన్న ఒకావిడ వచ్చి, కొడుకుతో మాటల్లేవని అరగంట ఏకరువు పెట్టింది. చివర కళ్ళు తుడుచుకుని, "మీరు చెప్పినట్టే నేనే ముందు పలకరిస్తాను" అని వెళ్ళిపోయింది. మౌనమ్మ చెప్పింది ఏమీ లేదు. నేను అక్కడే ఉన్నాను కదా! ఇందులో ఏదో ఉందంటే నవ్వుతావు. ఏమీ లేదనడానికి నాకు నోరు రావడం లేదు.

బ్యానరు వద్దు. గుమ్మం ఇరుకు.

ఆశీస్సులతో,
అక్క

తా.క. ఆవిడ బోధ ఏమిటో రాయడం మరిచాను. "ఊఁ". అంతే. భోజనం అయ్యాక కాస్త సాగదీస్తుంది, అది నిద్ర.

* * *

ఇరవై రెండో తారీకు

అక్కయ్యా,

నమస్కారం కూడా రాయబుద్ధి కావడం లేదు. నువ్వు కూడానా! నిన్నూ బుట్టలో వేసుకుంది. నువ్వూ ఆవిడ ముందు చేతులు చాచి నిలబడే ఉంటావు. నీ అంకెలు చెప్పేశావా?

సూట్‌కేసు తీసుకెళ్ళి దుకాణంలో పెట్టి తాళం వేశాను. "సంచి చాలు" అంది నీ మరదలు. గొడవపడితే బాగుండేది. నవ్వి ఊరుకుంది. రాత్రి నుంచి అన్నం సయించడం లేదు. ఒకటో తారీకు ఇంటికొస్తే నీ మరదలి చెప్పులు గుమ్మం దగ్గర ఉండవు కదా అనుకుంటే భయమేస్తోంది. ఇది కార్యదర్శిగా రాయడం లేదు.

ఇరవై ఎనిమిదిన మాత్రం వస్తున్నాం. ఆ మౌనమ్మని పదిమందిలో నిలబెట్టి అడుగుతాను.

తమ్ముడు

తా.క. బ్యానరు గుడ్డ పార్సెల్లో పంపుతున్నాను. "ప్రజలను మోసగిస్తున్న" అని రాయించి, పక్కన ఖాళీ ఉంచాం. ఆవిడ అసలు పేరు కనుక్కుని ఆ చోట ఎర్రదారంతో కుట్టిపెట్టు.

* * *

ఇరవై ఐదో తారీకు

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

బ్యానరు కుట్టాను. నా పేరే కుట్టాను. అక్షరాలు చక్కగా వచ్చాయి.

ఇప్పుడు కూర్చుని నెమ్మదిగా చదువు. పసుపుపచ్చ పట్టీ నా కొలతల టేపు. అంకెలు జనం నడుములవి. సుద్ద, అంచు ఎక్కడ మడవాలో గుర్తుకి. మాట్లాడనిది ఎందుకంటే, కొలతలు తీసేటప్పుడూ, అంచులు సరిచేసేటప్పుడూ నా నోట్లో ఆరు గుండుసూదులుంటాయి. తపస్సూ లేదు, పాడూ లేదు. నేను మాట్లాడలేకపోయేసరికి ఎదుటివాళ్ళు మాట్లాడటం మొదలెట్టారు. మౌనమ్మ అని పేరు పెట్టింది రొట్టెలావిడ.

నీ మరదలు వచ్చేది నా దగ్గరికే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. మొదటి గురువారం గుసగుసగా అంది, "నేను ఏం చెప్పబోతానో ఆయనకి ముందే తెలుసు వదినా. అందుకని చెప్పడం మానేశాను. తరవాత గొంతు కూడా మానేసింది" అని. ఆ మాట నీకు చేర్చకుండా దాచుకోవడం ఇక నావల్ల కాదు. తిడితే తిట్టనీ.

ఆ గొంతు ఎలా తిరిగొచ్చిందో నాకు తెలీదు. నేను చేసిందేమీ లేదు, గుండుసూదులకి అంత శక్తి లేదు. మహిమ అని నేను అనను. నువ్వు కూడా ఏమీ కాదని కొట్టిపారెయ్యకు. తెలీదు అనడం నేర్చుకో, నాలుక అరగదు.

ఒకటో తారీకు నుంచి ఉంటానన్నది నా కొట్టు మేడ మీది గదిలో, దాని సంగతి ఇది. ఆవిడ అడిగినప్పుడు కాళ్ళ కింద మిషను, నోట్లో సూదులు. ఏం అడిగిందో వినపడకుండానే ఊఁ అన్నాను. అన్నాక కాదనలేను. గది కడిగించాను.

ఈ ఉత్తరంతో ఆరు సూదులు పంపుతున్నాను. నీ మరదలు నోరు తెరిచినప్పుడల్లా పెదాల మధ్య పెట్టుకో. నమ్మక్కర్లేదు, పరీక్ష అనుకో. ఒకటో తారీకుకి ఇంకా ఆరు రోజులుంది.

ఆశీస్సులతో,
అక్క

తా.క. మీ అధ్యక్షుణ్ణి ఏమీ అనకు. ఆయన మంగళవారాలు వస్తాడు. చొక్కాకి నాలుగుసార్లు కొలతలిచ్చాడు. గుడ్డ ఇంతవరకూ తేలేదు.

* * *

ఒకటో తారీకు, బస్టాండు నుంచి

అక్కయ్యకు, తమ్ముడు నమస్కారాలతో రాసేది.

ఇరవై ఎనిమిదిన ఎవరమూ రాలేదని నీకు తెలిసే ఉంటుంది. పరీక్ష ఫలితం రాస్తున్నాను.

మొదటిరోజు మూడుసార్లు సూదులు తీసేసి అడ్డం వచ్చాను. రెండోరోజు ఒకసారి. "పంటి నొప్పా?" అని లవంగం తెచ్చిచ్చింది. మూడోరోజు నుంచి ఆవిడ చెబుతూ ఉంది, నేను ఊఁ అంటూ ఉన్నాను. ఆవిడ ఏం చెబుతుందని నేననుకున్నానో అందులో ఒక్కటీ చెప్పలేదు అక్కయ్యా. ఒక్కటంటే ఒక్కటీ కాదు! పెళ్ళయిన కొత్తలో నా దుకాణంలో తానూ కూర్చుంటానని అడగబోయిందట. నాకు వినడం ఇష్టం లేదనుకుందట. నిన్న ఆ మాట వింటూ కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను. కార్యదర్శిగా కూడా ఒప్పుకుంటున్నాను, నాకేమీ తెలీదు.

సూట్‌కేసు తెచ్చి ఇచ్చేశాను. ఇక వెళ్ళదులే అని ధీమాగా ఉన్నాను. పొద్దున బట్టలు సర్దుకుంటూ, "అయితే నేను బయల్దేరనా?" అంది. నా నోట్లో సూదులున్నాయి. ఊఁ అన్నాను.

అన్నాక కాదనలేం కదా.

కానీ ఆవిడ చెప్పడం ఇంకా పూర్తికాలేదు. పెళ్ళయిన మూడో ఏట్లో ఉంది. మధ్యలో వదిలేసి ఇంటికెలా వెళతాను? అందుకని రెండు టిక్కెట్లు తీసుకున్నాను. మేడ మీది గదిలో ఇంకో మంచం వేయించు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. నేనే తెచ్చి నీ చేతికిస్తాను. ఏమిటిది అని నన్ను అడగొద్దు, చదువుకో. ఆవిడ పక్కనే ఉంటుంది, నేను మాట్లాడలేను.