గుమ్మంలో చెప్పులు

అమ్మా,
నేనూ నీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం. తుపాకుల మోత ఆగింది, దిగులు పడకు.

రాజు పారిపోయాక మా వీధికో సభ పెట్టారు. సొంతిల్లున్నవాళ్ళకే ఓటట! అద్దెకుండే మేము గుమ్మం బయటే చెప్పులు కుట్టుకోవాలట. "ఇంతకంటే రాజే నయం కదే" అని నసిగాడు నీ అల్లుడు. నాకు ఒళ్ళు మండింది. లోపల ఉపన్యాసాలు సాగుతుండగా, వాళ్ళు గుమ్మంలో విడిచిన చెప్పులన్నీ ఒకదానికొకటి కలిపి కుట్టేశాను. "మాకూ ఓటిస్తేనే విప్పేది" అన్నాను. బట్టల కొట్టాయన లాగి లాగి చతికిలపడ్డాడు. చివరికి సరేనని అందరూ చేతులెత్తారు. నువ్వు నేర్పిన కుట్టమ్మా, ఒక్కటీ తెగలేదు!

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మేకపిల్లను అమ్మొద్దు. నాన్నకు నమస్కారాలు. మైనం పూసిన దారం రెండు ఉండలు వెంటనే పంపు. ఇచ్చిన ఓటు మగవాళ్ళకేనట. ఆదివారం మళ్ళీ సభ ఉంది.

నీ కూతురు